తీరం దాటిన తుఫాను ఎక్కడికి పోతుంది?

(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

"మన సంచికకి ఏమైనా రాసివ్వవోయ్" అని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు ఏ కవితో, కథానికో ఇస్తాననుకున్నాడు కాబోలు. నాకు ఆ రెండూ చేతకావు. నేను చదువుతున్నది ఫిజిక్సు, పుట్టింది చెరకు రైతు ఇంట్లో. అందుచేత ఒక తగువు రాసిస్తున్నాను. తగువు మన విద్యార్థి సంఘం ఏటా డిసెంబరులో వేస్తున్న హిమాలయ యాత్ర గురించి. చదివాక నన్ను పిరికివాడు అనదలుచుకున్నవారు నిరభ్యంతరంగా అనవచ్చు. ఆఖరుదాకా చదివి అంటే సంతోషిస్తాను.

ముందుగా మా ఊరి సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి అని తరువాత పేపర్లో చదివారు గాని, ఆ వేళ మాకు అంకెలేమీ తెలియవు. తెలిసిందల్లా చోడవరం పక్కన మా ఊళ్లో జడలు కట్టి నిలబెట్టిన చెరకు తోట సాయంత్రానికి చాపలా పరుచుకుపోవడం, బెల్లం వండే పాక కప్పు ఎగిరి పక్కవాళ్ల గట్టు మీద పడడం. తరువాత ఎండ కాసింది. "పోయింది మాయదారి తుఫాను" అని మా నాన్నమ్మ తడిసిన ధాన్యం వాకిట్లో ఆరబోసింది. మాకు హుద్‌హుద్ అక్కడితో అయిపోయింది. టీవీవాళ్ల భాష కూడా అలాగే ఉంటుంది గదా. "తీరం దాటింది", "బలహీనపడింది", "వాయుగుండంగా మారింది". ఆపైన వార్త ఉండదు. నష్టపరిహారం లెక్కలుంటాయి, అవీ కొన్నాళ్లే.

రెండో సంవత్సరంలో వాతావరణం మీద ఒక సెమినారు ఇవ్వాల్సివచ్చి చదువుతూంటే తెలిసింది, ఆ తుఫాను ఎక్కడికి పోయిందో. మా తోటను పడుకోబెట్టిన ఆ గాలీ నీరూ ఛత్తీస్‌గఢ్ మీదుగా, ఉత్తరప్రదేశ్ మీదుగా పోయి హిమాలయాలకు తగిలింది. సముద్రం మీద తాగిన నీరంతా ఆ చలిలో మంచై కూర్చుంది. అక్టోబరు 14న, అంటే మేము ఇంకా విరిగిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటున్న రోజున, నేపాల్లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ నడిచే దారిలో ఒక్క పూటలో మనిషి ఎత్తున మంచు పడింది. ఆ దారిలో థొరాంగ్ లా అని ఒక కనుమ ఉంది, 5,416 మీటర్లు. అక్టోబరు అక్కడ నడిచేవాళ్లకు ఏడాదిలోకెల్లా మంచి నెల. ఆకాశం తేటగా ఉంటుంది, బసలన్నీ నిండి ఉంటాయి. అలాంటి నెలలో కనీసం 43 మంది చనిపోయారు. కొందరు మంచు చరియలు మీద పడి, మరికొందరు ఆ హోరులో దారి తప్పి చలికి బిగుసుకుపోయి. కెనడా వాళ్లు, ఇజ్రాయెల్ వాళ్లు, పోలండ్ వాళ్లు, మన దేశం వాళ్లు, వీళ్లందరి మూటలు మోస్తున్న నేపాలీలు. థౌలగిరి దగ్గర గుడారాలు వేసుకున్న స్లొవేకియా కొండెక్కేవాళ్ల మీద కూడా చరియ పడింది.

ఇది మొదటిసారీ కాదు. 1995 నవంబరులో బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను ఒకటి మన ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు ప్రాంతంలో తీరం దాటి అలాగే పైకి పోయింది. ఎవరెస్టు వైపు గోక్యో లోయలో పాంగా అనే చోట రాత్రిపూట ఒక బస మీద మంచు చరియ విరిగిపడి ఇరవై మందికి పైగా పోయారు. అందులో 13 మంది జపాను యాత్రికులు.

నాకు బాధ కలిగించిన విషయం ఏమిటంటే, హుద్‌హుద్ ఎటు పోతుందో శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. విశాఖలో అంత గాలి వీస్తే ఊళ్లు ఖాళీ చేయించి ఎన్నో ప్రాణాలు కాపాడారు. అదే తుఫాను రెండురోజుల తరువాత తమ నెత్తిన పడుతుందని కనుమ కింద బసలో టీ తాగుతున్నవాళ్లలో చాలామందికి తెలియదు. హెచ్చరిక సముద్రపు ఒడ్డున ఆగిపోయింది. తుఫాను మాత్రం ఆగలేదు.

ఇక మన యాత్ర.

నిరుడు డిసెంబరులో మన కాలేజీ నుంచి 26 మందిమి కేదార్‌కాంత వెళ్లాం. గోడమీద పెట్టిన పోస్టరు చాలామందికి గుర్తుండే ఉంటుంది: "శిఖరంపై మన జెండా!" ఆ అక్షరాలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొత్తం ఖర్చు మనిషికి 16,000. మా నాన్న దగ్గర "కాలేజీ టూరు, ఢిల్లీ చూపిస్తారు" అని చెప్పి తెచ్చుకున్నాను. బెల్లం అమ్మిన డబ్బు. మంచు కొండ అంటే ఇవ్వడని కాదు, అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబులు లేక అబద్ధమాడాను. ఈ మాట అచ్చులో ఒప్పుకుంటున్నాను, మా నాన్న ఈ సంచిక చదవడనే ధైర్యంతో కాదు. ఆయనకు ఇంటికొచ్చిన రాత్రే చెప్పేశాను.

ఢిల్లీ, డెహ్రాడూన్, అక్కడినుంచి రోజంతా కొండదారుల్లో బస్సు. సాంక్రి అనే ఊరు. వెంట వచ్చిన మాస్టారు మోకాళ్ల నొప్పి కారణంగా సాంక్రిలోనే ఆగిపోయారు. మేం దేవదారు చెట్ల మధ్య నడుచుకుంటూ జూడా కా తాలాబ్ చేరి గుడారాల్లో పడుకున్నాం. నిజం చెప్పాలంటే అంత ఆనందం నా జీవితంలో ఎరగను. మనవాళ్లకి మంచు అంటే ఏముంది? లంబసింగి వెళ్తే పొగమంచు, సంక్రాంతి నెలలో గడ్డి మీద పడే చుక్కలు. రెంటికీ ఒకటే మాట, మంచు. హిమాలయాల్లో పడేదానికీ అదే మాట వాడతాం. అది కదిలి కిందికి వచ్చి మనుషుల్ని కప్పేస్తే పేపర్లవాళ్లు "మంచు చరియలు" అని రాస్తారు, ఘాట్ రోడ్డు మీద పడే కొండచరియలు చూసిన అలవాటు కొద్దీ. ఆ పని చూడనివాళ్లం, దానికి సొంత మాట మనకెలా ఉంటుంది?

మూడోరాత్రి మంచు పడింది. గాలి కూడా. రెండున్నరకి లేచి తలలకి లైట్లు కట్టుకుని శిఖరానికి బయలుదేరడానికి సిద్ధంగా నిలబడితే, మా దారిచూపరి కుర్రాడు "ఇవాళ పైకి లేదు" అన్నాడు. అతనికీ నా వయసే ఉంటుంది. ఆ పక్క ఊరివాడే, వాళ్లకి ఆపిల్ చెట్లు ఉన్నాయట, చలికాలంలో ఈ పనికి వస్తాడు. మేం ఒప్పుకోలేదు. మా హిందీ అంతంత మాత్రం గాని, తగువుకి సరిపోయింది. "డబ్బు కట్టాం", "ఇంత దూరం వచ్చాం", "మర్నాడు తిరుగు ప్రయాణం, మళ్లీ రాం". అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అరవనివాళ్లు ఎంతమంది అతని మాటకి లోలోపల సంతోషించారో తరువాత రైల్లో తెలిసింది. అప్పుడు మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. 26 మంది ఉంటే ధైర్యం 26 రెట్లు అవుతుందనుకుంటాం. నోళ్లు మూతపడడమే 26 రెట్లు అవుతుంది.

అతను వాదించలేదు. తెల్లవారాక నన్ను ఒక్కణ్ణి పిలిచి (అరిచినవాణ్ణి గుర్తుపెట్టుకున్నాడన్నమాట) అడవి అంచున ఒక చిన్న వాలు పక్కన పారతో నడుము లోతు గొయ్యి తవ్వాడు. గొయ్యి గోడ చూపించాడు. పైన కొత్త మంచు, దాని కింద గాలికి గట్టిపడ్డ పొర, పలకలా. అన్నింటికంటే కింద, నేలకి దగ్గరగా ఉన్నది చేత్తో తీసి నా అరచేతిలో పోశాడు. అది మంచులా లేదు. అచ్చం పంచదార. ఉండ కట్టమన్నాడు. ఎంత నొక్కినా కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

ఇక్కడ ఫిజిక్సు విద్యార్థిగా నేను సిగ్గుపడ్డాను. ఎందుకంటే అది మేము చదివిన పాఠమే. చలికాలం మొదట్లో మంచు పలచగా ఉంటుంది. దానికింద నేల ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, పైన గాలి పదిహేను డిగ్రీలు అంతకంటే చల్లగా ఉంటుంది. జానెడు మందంలో అంత తేడా. ఆ తేడాకి అడుగున ఉన్న మంచు కరక్కుండానే ఆవిరై పైకి పోయి మళ్లీ గడ్డకడుతుంది. అలా గడ్డకట్టినవి ఒకదానికొకటి అంటుకోని పలుకులు. మంచు ఎంత పలచగా ఉంటే ఈ పని అంత జోరుగా సాగుతుంది. "ఈసారి మంచు తక్కువే పడింది, భయం లేదు" అని మేం సాంక్రిలో అనుకున్న మాట పూర్తిగా తలకిందులన్నమాట. డిసెంబరులో పలచగా పడి, ఆ పైన చాలా రోజులు ఎండ కాసి, తరువాత ఒక్కసారిగా గాలితో కొత్త మంచు పడితే, పంచదార మీద సిమెంటు పలక పెట్టినట్టే.

వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ఆ పలక జారడానికి అన్నీ అమరినట్టు. అంతకంటే తక్కువైతే సాధారణంగా నిలుస్తుంది, మరీ నిలువుగా ఉంటే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మనిషికి ఎక్కడానికీ స్కీల మీద జారడానికీ సరదాగా ఉండే వాలు కూడా సరిగ్గా అదే కావడం దౌర్భాగ్యం. ఒక లెక్క వేసి చూశాను. 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, అరమీటరు మందం ఉన్న పలక. అంటే వెయ్యి ఘనపు మీటర్లు. గాలికి గట్టిపడ్డ మంచు ఘనపు మీటరుకి 250 కిలోలు వేసుకుంటే 250 టన్నులు. మా ఊరి లెక్కలో పది టన్నుల చెరకు లారీలు పాతిక. కొండల్లో దీన్ని చిన్న చరియ కిందే లెక్కగడతారు.

సినిమాల్లో కథానాయకుడు అరిస్తే కొండ కూలుతుంది. అరిస్తే ఏమీ కూలదు (నేను అరిచి చూశాను గదా). అడుగు వేస్తే కూలుతుంది. సరదాకి వాలుల్లోకి పోయినవాళ్లు చిక్కుకున్న చరియల్లో పదింట తొమ్మిదింటిని కదిపింది ఆ చిక్కుకున్నవాడో, అతనితో నడుస్తున్నవాడో అని లెక్కలు చెబుతున్నాయి. పిడుగులాగా ఎక్కడినుంచో వచ్చి పడేది కాదు. మనమే మన బరువుతో మీట నొక్కుతాం.

కప్పబడ్డాక ఉన్న వ్యవధి కూడా చాలా తక్కువ. పది నిమిషాల్లో తీయగలిగితే పదిమందిలో తొమ్మండుగురు బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఇద్దరు పోతారు. చలివల్ల కాదు, ఊపిరాడక. కదలడం ఆగిన మంచు గట్టిగా బిగుసుకుపోతుంది, చెయ్యి కూడా కదపలేం. కిందనుంచి హెలికాప్టరు వచ్చేదాకా ఆగే సంగతి కాదు. పక్కనున్నవాడే వెతకాలి, పక్కనున్నవాడే తవ్వాలి. అందుకని ఆ దేశాల్లో చలికాలం అలాంటి వాలుల్లోకి పోయే ప్రతివాడి ఒంటిమీదా సంకేతాలు పంపే చిన్న యంత్రం, సంచిలో మడత పెట్టిన పొడుగాటి కడ్డీ, పార ఉంటాయి. మా 26 మందికి కలిపి ఉన్నది ఆ కుర్రాడి పార ఒక్కటే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది ఇలాగే కప్పబడ్డారు, వారిలో మన కర్నూలు జిల్లా సిపాయి ఒకడు. ఆరు రోజుల తరువాత ఒక్క జవాను ప్రాణంతో దొరికాడు. దేశమంతా దాన్ని అద్భుతం అంది. ఆయన కూడా ఆసుపత్రిలో చనిపోయాడు.

ఇప్పుడు అసలు తగువుకి వస్తాను. ఆ రోజు మేమున్న కొండ మీద ఏ చరియా విరగలేదు.

అంతే కాదు. వేరే కంపెనీ తాలూకు బృందం ఒకటి అదే తెల్లవారుజామున ఎక్కి, శిఖరం మీద ఫోటోలు దిగి, మధ్యాహ్నానికి నవ్వుకుంటూ దిగివచ్చింది. మనవాళ్లు ఆ ఫోటోలు చూసి కుతకుతలాడిపోయారు. "చూశావా, మన వాడు ఒట్టి పిరికివాడు" అన్నారు. ఆ మాట కాలేజీదాకా వచ్చింది. సంఘం సమావేశంలో ఈసారి మనమూ ఆ రెండో కంపెనీతోనే పోదాం, పైగా వాళ్లు మనిషికి వెయ్యి తక్కువ తీసుకుంటారు అని ప్రతిపాదన వచ్చింది. చప్పట్లు కూడా పడ్డాయి. నేను లేచి మాట్లాడబోతే "అరిచింది నువ్వే గదా" అన్నారు. నిజమే గనక కూర్చున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

క్షేమంగా తిరిగి రావడం వేరు, సరిగా నడుచుకోవడం వేరు. మా ఊళ్లో తడి చేత్తో మోటారు స్టార్టరు నొక్కని రైతు లేడు. వెయ్యిసార్లు నొక్కినా ఏమీ కాదు. ఆ వెయ్యిసార్లూ ఏం నేర్పుతాయి? తడి చెయ్యి ఫరవాలేదని నేర్పుతాయి. నాకు చిన్నాన్న వరస అయ్యే ఆయన అలా బాగా నేర్చుకుని, ఒక రాత్రి కరెంటొచ్చిందని పరిగెత్తి పోయాడు. మంచు వాలు కూడా అలాంటి మాస్టారే. చాలాసార్లు తప్పు చేసినా మార్కులు వేసేస్తుంది. కాబట్టి అందులో మార్కులు చూసి ఎవడు తెలివైనవాడో తేల్చకూడదు. ఆ రెండో బృందం తీసుకున్న నిర్ణయం మంచిదో కాదో వాళ్ల ఫోటోలు చెప్పలేవు. వాళ్లలో ఒక్కరైనా పార పట్టుకుని గొయ్యి తవ్వారా అని అడగాలి. నేను అడిగాను, నవ్వారు.

అదే మా పల్లెల్లో పాడుబడ్డ నూతిలోకి దిగాలంటే ముందు దీపం దించి చూస్తారు. దీపం ఆరితే దిగరు. "దీపం ఆరింది గాని నాకేం కాకపోవచ్చు, డబ్బు తీసుకున్నాను గదా" అని దిగేవాణ్ణి ఎవరూ వీరుడనరు. ఆ కుర్రాడు తవ్వి చూపించిన గొయ్యి, మా భాషలో చెప్పాలంటే, ఆరిన దీపం.

నన్ను కొందరు మాస్టార్లు మెచ్చుకుని, "అందుకే ఈ యాత్రలు మానుకోమంటున్నాం" అన్నారు. క్షమించాలి, నేను అటూ చేరను. మానుకోవడం సులువైన జవాబు. కొండలు డబ్బున్న పిల్లల సరదా అనే మాట కూడా ఒప్పుకోను. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా కూలివాళ్ల అమ్మాయి, అప్పటికి పధ్నాలుగేళ్లు నిండలేదు. తోడెక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లావాడు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లను ఒక్క పోస్టరు చూపించి ఎక్కించలేదు. భువనగిరి రాళ్ల మీద, డార్జిలింగ్‌లో నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. మన పోస్టర్లలో ఆమె బొమ్మ వేస్తాం, ఆ నెలల సంగతి వేయం. సరిగ్గా అదే కాలంలో, ఏప్రిల్ 18న, కొండకు రెండోవైపున నేపాల్ దారిలో మంచుగడ్డలు కూలి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. ఆ పేర్లు మనలో ఎవరికీ తెలియవు. నాకూ తెలియవు.

తర్ఫీదు ఉన్నంతమాత్రాన కొండ ఊరుకుంటుందనీ చెప్పను. మన నెల్లూరు జిల్లా మస్తాన్ బాబు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు, 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కిన మనిషి, 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగిరాలేదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా డండా మీద చరియలో పోయినవాళ్లు పర్వతారోహణ సంస్థలో పెద్ద తరగతి శిక్షణ పొందుతున్నవాళ్లూ, శిక్షణ ఇస్తున్నవాళ్లూను. 27 శవాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు. ఆ శిక్షకుల్లో సవితా కన్స్‌వాల్ అదే ఏడాది మే నెలలో 16 రోజుల తేడాలో ఎవరెస్టూ మకాలూ ఎక్కినావిడ. అంతటివాళ్లకే అలా జరిగితే, మూడురోజుల క్రితం మొదటిసారి మంచు తాకిన మేం ఏ ధైర్యంతో అరిచాం?

"రోడ్డు మీద రోజూ చావడం లేదా?" అని హాస్టల్లో ఒక మిత్రుడు అడిగాడు. చస్తున్నారు. కాని రోడ్డు మీద లారీ వస్తే నాకు కనబడుతుంది, హారను వినబడుతుంది. మంచు కింద పంచదార పొర కనబడదు. కనబడనిదాన్ని చూపించే మనిషి ఒక్కడుంటే, అతని మాట కొట్టిపారేసే హక్కు 16,000 రూపాయలకు మనం కొనుక్కున్నామా?

మరో సంగతి. మన దేశంలో హెచ్చరికలు లేవని అనుకోవద్దు. చండీగఢ్‌లో రక్షణశాఖ పరిశోధన సంస్థ ఒకటి ఉంది. 1969లో మనాలీలో మంచు చరియల అధ్యయనానికి పెట్టిన సంస్థే 2020లో మరోదానితో కలిసి ఇప్పటి రూపానికి వచ్చింది. ఏ జిల్లాలో ఎంత ప్రమాదమో రంగులు వేసి చలికాలమంతా ప్రకటిస్తుంది. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం చమోలీ వగైరా జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన ప్రమాదమని చెప్పింది. మర్నాడు పొద్దున్న బదరీనాథ్ పైనున్న మాణా దగ్గర సరిహద్దు రోడ్డు పనివాళ్ల శిబిరం మీద చరియ పడింది. 54 మందిలో 46 మందిని బతికించగలిగారు, 8 మంది పోయారు. చాలామంది ఇనుప కంటైనర్లలో ఉండబట్టి బతికారట. హెచ్చరిక సాయంత్రమే ఉంది, మనుషులు పొద్దున్నదాకా అక్కడే ఉన్నారు. సిక్కింలో నాథూ లా దారిలో 2023 ఏప్రిల్ 4న ఏడుగురు యాత్రికులు పోయినప్పుడు, అనుమతి పదమూడో మైలుదాకానే అనీ, వాళ్లు పదిహేనో మైలు వైపు వెళ్లారనీ అధికారులు చెప్పారు. ఆ రెండు మైళ్లలోనే మన "ఇంత దూరం వచ్చాం" అనే మాట కూడా ఉంది.

కాబట్టి సంఘం కార్యవర్గానికి నా విన్నపాలు. పోస్టరులో "శిఖరం" అనే మాట తీసెయ్యండి. ఆ మాటే సగం తగువు పెట్టింది. తిరుగు రైలు టిక్కెట్టు ఒకరోజు ఆలస్యంగా తీయండి. మర్నాడే రైలు ఉందన్న తొందర లేకపోతే నేను అంత అరిచి ఉండను. ఆ ప్రమాద ప్రకటన రోజూ చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. వాలు ఎన్ని డిగ్రీలో సెల్‌ఫోనుతోనే కొలవవచ్చు, అదేమీ బ్రహ్మవిద్య కాదు. మా ల్యాబులో ఒక ఆదివారం నేర్పడానికి నేను సిద్ధం. వద్దన్న దారిచూపరిని ఒప్పించమని ఎవరూ బతిమాలకూడదని, బయలుదేరకముందే అందరిచేతా కాగితం మీద సంతకం పెట్టించండి. మొట్టమొదట నేను పెడతాను. కంపెనీని ఎంచుకునేటప్పుడు ఎన్నిసార్లు శిఖరం ఎక్కించారని అడిగారు, సరే. ఎన్నిసార్లు వెనక్కి తిప్పారో కూడా అడగండి.

ఇంకొక్కటి మా నాన్న అడిగింది. ఇంటికి వెళ్లిన రాత్రి అబద్ధం, కొండ, అరుపులు, గొయ్యి అన్నీ వరసగా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. చుట్ట ఆరిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆడు ఆపినాడు గాబట్టి ఒచ్చేవు. ఏట్రా, ఆ గుంటడికి రోజుకెంతిస్తారు?" అన్నాడు. నాకు తెలియదు. "ఆడిమీద పడితే ఆళ్లింటికెంతిస్తారు?" అన్నాడు. అదీ తెలియదు. మనం కట్టిన డబ్బులో మన 26 మందికీ బీమా ఉంది, రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. ఆ కుర్రాడికి గాని, గుడారాలు మోసిన కంచరగాడిదల వాళ్లకి గాని ఉందా అని కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. సంఘం కార్యదర్శి గారి ద్వారా మళ్లీ రాయించాను. అదీ రాలేదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఈసారి ఏ కంపెనీతో వెళ్లేదీ తేలిపోయి ఉండవచ్చు. నోటీసు బోర్డు మీద పేర్ల పట్టిక పెట్టారు, అందులో పదకొండో పేరు నాది. డబ్బు మా నాన్నే ఇచ్చాడు, ఎక్కడికో తెలిసే ఇచ్చాడు. పార కొనుక్కోమని విడిగా మరో అయిదువందలు ఇచ్చాడు. మడత పెట్టే పార అంత తక్కువకి రాదని ఆయనకి ఇంకా చెప్పలేదు.